చప్పుడు చేసినవాళ్ళే చాయ్ పోయాలి

ముందే ఒక మాట. నా రాతలో ఒత్తులు జారిపోతే, దీర్ఘాలు ఎక్కువైతే మన్నించండి. జుట్టు నెరిసినాక పలక పట్టినదాన్ని. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. పప్పు మీద మూత పెట్టి వచ్చి ఒక వాక్యం, చపాతీ కాల్చి వచ్చి ఇంకో వాక్యం. మీరు మాత్రం గబగబా చదువుకోండి. ప్రేమ కథ కదా, ఆగితే చల్లారిపోతుంది.

వాళ్ళిద్దరూ మొదటిసారి ఎదురుపడ్డది శాంతి సభలో. అక్కడే కొట్లాడుకున్నారు.

మాది సూరత్‌లో లింబాయత్. గల్లీలో ఈ వరుస ఇళ్ళన్నీ సంసారులవి. కరీంనగర్, సిరిసిల్ల దిక్కు నుంచి ఎప్పుడో వచ్చి నిలదొక్కుకున్నవాళ్ళు. ఎదుటి వరుసంతా కిరాయి గదులు. వాటిలో రాత్రిపాళీ పిల్లగాళ్ళు ఉంటారు. సాయంత్రం ఏడింటికి సాంచాల, అంటే మరమగ్గాల కార్ఖానాకు పోయి, రాత్రంతా బట్ట నేసి, పొద్దున ఏడింటికి వచ్చి, తిని పడుకుంటారు. వాళ్ళకు పగలే రాత్రి. గల్లీ చివర మా ఆయన పోయినాక నేను పెట్టుకున్న మెస్సు. రెండు వరుసలకూ నేను కనకవ్వనే.

కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. తర్వాత కార్ఖానాలు తెరుచుకున్నాయి గానీ బడులు తెరుచుకోలేదు. పార్కులకు తాళాలు. పిల్లలు ఎక్కడికి పోతారు? గల్లీలోనే క్రికెట్. అది అయిపోతే సంసారుల వరుసలో ఉండే దశరథం అరుగు మీద అతని కూతురు జమున చెప్పే ట్యూషన్. పిల్లలంతా కలిసి పదమూడో ఎక్కం ఎత్తుకుంటే పైన రేకులు అదిరేవి. నేను అక్షరాలు నేర్చుకున్నదీ అక్కడే, వెనక గోడకు ఆనుకుని కూర్చుని.

ఎదుటి గదుల్లో మాత్రం నిద్ర లేదు. నిద్ర లేని చెయ్యి సాంచా ముందు పనికిరాదు. ఒకనాడు ఆగయ్య అనే పిల్లగాడు నిలబడే కునికాడు. సాంచా అతని వేలు నలగ్గొట్టింది. మర్నాడు కట్టు కట్టిన చేత్తోనే వచ్చి పిల్లల బ్యాటు విరిచేశాడు. దశరథం అతని చెంప పగలగొట్టాడు. ఇక అటువైపు వాళ్ళంతా, ఇటువైపు వాళ్ళంతా. పోలీసులు వస్తే గానీ ఆగలేదు.

గదుల యజమాని వచ్చి ఒక్కటే చెప్పాడు. ఇంకొక్క గొడవైతే ఆ వరుస మొత్తం ఖాళీ చెయ్యాలి. ఆ రోజుల్లో పరాయి ఊరివాడికి గది ఎవరిస్తారు?

దశరథం కూడా ఒక్కటే చెప్పాడు. "రాత్రిపాళీ పోరడు ఎవడన్న నా అరుగెక్కిండా, కాళ్ళిరగ్గొడ్త."

అప్పుడు వచ్చింది విజయరాణి మేడం. ఆమె తెలుగావిడే, బ్యాంకులో ఆఫీసరు. ఊళ్ళో సేవాక్లబ్బుకు ఆ ఏడు ప్రెసిడెంటు. లాక్‌డౌన్‌లో మాకు అన్నం పొట్లాలు పంచింది ఆ క్లబ్బే. గొడవ సంగతి విని, "మా క్లబ్బు శాంతి ప్రాజెక్టులు కూడా చేస్తుంది" అని తెల్ల బెలూన్లు, బ్యానరు, పెద్ద మైకు తీసుకుని వచ్చింది. ఉపన్యాసం చదవడానికి కాలేజీ చదివిన పిల్ల కావాలంటే జమునను నిలబెట్టారు.

సభ పెట్టింది మధ్యాహ్నం రెండింటికి.

జమున మాస్కు సర్దుకుని, గొంతు సవరించుకుని, "ప్రియమైన గల్లీ వాసులారా! మన మధ్య శాంతి..." అన్నదో లేదో, ఎదుటి గది తలుపు ధన్‌మని తెరుచుకుంది. లుంగీ, బనీను, చెవికి వేలాడుతున్న మాస్కు, పిచ్చుకగూడులాంటి జుట్టు. వచ్చినవాడు ఎవరినీ చూడకుండా నడిచి మైకు వైరు పీకేశాడు.

"ఏయ్! ఎవరు నువ్వు?" అంది జమున.

"నిద్రపోనోణ్ణి."

"ఇక్కడ మీటింగ్ నడుస్తోంది. కనబడతలేదా?"

"కనబడతలేదు మేడం. కండ్లు తెరుసుకుంటలెవ్వు. ఇనబడుడైతే మస్తు ఇనబడుతోంది."

"ఇది మీ కోసమే పెట్టింది!"

"మా కోసమైతే మేం మేలుకున్నప్పుడు పెట్టాలె కద? రాత్రి రెండింటికి మీ ఇంటి ముందట నేనొచ్చి శాంతి పాట పాడ్తే ఎట్లుంటది?"

"పాడి చూడు. మా బాపు తాళం ఏస్తడు, నీ వీపు మీద."

ఎవరో కిసుక్కుమన్నారు. ఒక బెలూను ఠాప్‌మని పేలింది. వాడు ఉలిక్కిపడి ఒక్క ఎగురు ఎగిరాడు. జమునకు నవ్వొచ్చింది. మాస్కు చాటున నవ్వింది గానీ కళ్ళు దాచలేదు. అప్పుడు గానీ వాడి కళ్ళు పూర్తిగా తెరుచుకోలేదు.

ఏడాదిగా ఎదురెదురు గుమ్మాల్లో ఉంటున్నారు. ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. ఈమె లేచే వేళకు అతను పడుకుంటాడు మరి.

విజయరాణి మేడం మనిషి మంచిది. వైరు చుట్టి సంచిలో పెట్టేసింది.

"తప్పు నాదే. ప్రాజెక్టు డిజైనంటే బెలూన్ల రంగు అనుకున్నాను. ముందు వినాలి. గొడవ దేని మీద, ఎవరికేం కావాలి, ఎవరేం వదులుకోగలరు, అది తెలియకుండా శాంతి ఏమిటి? ఇటు నుంచి ఒకరు, అటు నుంచి ఒకరు కూర్చుని మీరే తయారు చెయ్యండి. క్లబ్బు మీ వెనకుంటుంది. నీ పేరేమిటి బాబూ?"

"వినోద్."

"అయితే వినోద్, జమున. మీరిద్దరే."

"ఈయనతోనా?"

"ఈమెతోనా?"

ఇద్దరూ ఒకేసారి అన్నారు. నేను గరిటె పట్టుకుని నిలబడి, అయింది పని, అనుకున్నాను.

కూర్చోవడానికి చోటు నా మెస్సు. వేళ పొద్దున ఏడు. అతను పని దిగి వచ్చే వేళ, ఆమె నిద్ర లేచే వేళ. ఒకరు ఆవలిస్తూ వస్తారు, ఇంకొకరు ఆవలిస్తూ పోతారు. మధ్యలో నా చాయ్.

"నీ నెత్తిల దూది ఉంది," అనేది జమున.

"నీ కంట్ల పుసి ఉంది," అనేవాడు వినోద్.

ఇట్లా మొదలయ్యేది శాంతి ప్రాజెక్టు.

ముందు ఇద్దరూ రెండు వరుసలూ తిరిగి అడిగారు. తల్లులు చెప్పారు, పిల్లల్ని ఇంట్లో కుక్కితే పిచ్చెక్కుతుంది అని. కుర్రాళ్ళు చెప్పారు, నాలుగింటి దాకా నిద్ర దొరికితే చాలు, తర్వాత మైకు పెట్టుకున్నా సరే అని. ఆగయ్య మాత్రం నలిగిన వేలు చూపించాడు. ఆ రోజు జమున చాయ్ తాగకుండా లేచి పోయింది.

కిటికీలకు మందం బట్ట కట్టిద్దామన్నాడు వినోద్. కట్టారు. లోపల ఉడికిపోయి సాయంత్రానికి వాళ్ళే చింపుకున్నారు. నోరు మూసుకుని ఆడిద్దామంది జమున. ఔటయినప్పుడు అరవకుండా ఉండే పిల్లవాడు దేశంలో ఇంకా పుట్టలేదు.

"నీ ఐడియా ఫెయిల్," అన్నాడు వినోద్.

"నీది ముందు ఫెయిల్."

"నాది ఉడికి ఫెయిలయింది. నీది పుట్టుకతోనే."

మూతి ముడుచుకుని కూర్చుందా పిల్ల. అప్పుడే గల్లీ మొదట్లో ఆగయ్య కనబడ్డాడు. వినోద్ కూర్చున్నచోటు నుంచే బొటనవేలు పెదవి దగ్గరికి ఎత్తాడు. అవతలి నుంచి ఆగయ్య రెండు అరచేతులు పొట్ట ముందు గుండ్రంగా పెట్టి, కార్ఖానా దిక్కు చూపించి పోయాడు.

"ఏంది అది?" అంది జమున.

"ఏది?"

"చేతులతోని ఏందో చేసినవు."

"ఓ, అదా. చాయ్ తాగుతవా అన్న. సేఠ్ వచ్చిండు, పోవాలె అన్నడు. కార్ఖానల సాంచాల చప్పుడుకు ఏం ఇనబడది కద. అందరం గిట్లనే మాట్లాడుకుంటం. పోగు తెగిందంటే గిట్ల." రెండు పిడికిళ్ళు కలిపి ఎడంగా లాగాడు. "అతికియ్యమంటే గిట్ల." బొటనవేలు చూపుడువేలు కలిపి నలిపాడు. "సాంచా చాలూ చెయ్యమంటే, నడిపియ్యమంటే గిట్ల." పిడికిలి గుండ్రంగా తిప్పాడు.

"పెళ్ళి అయితే?" అన్నాను నేను, చపాతీ తిప్పుతూ.

"నువ్వు ఊకో కనకవ్వ." అన్నాడు గానీ చెయ్యి మెడ దగ్గరికి పోయి మూడు ముళ్ళు వేసినట్టు తిరిగి, సిగ్గుపడి దిగిపోయింది.

జమున అది చూడలేదు. ఆమె అప్పటికే లేచి నిలబడింది. "పోగు తెగితే ఔటు! సేఠ్ పొట్ట సిక్సరు! వినోద్, పిల్లలకు నేర్పుదాం. మీ వాళ్ళే వచ్చి నేర్పాలె. క్రికెటూ గట్లనే, ఎక్కాలూ గట్లనే!"

"నన్ను వినోద్ అన్నవు," అన్నాడతను.

"పేరు అదే కదా?"

"అదే. కని ఇన్నొద్దులు 'ఏయ్' అన్నవు."

విజయరాణి మేడానికి ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది. ఒక ఆదివారం రాత్రిపాళీ పిల్లగాళ్ళు గల్లీ మధ్యలో నిలబడి పిల్లలకు చేతుల భాష నేర్పారు. బ్యాటు విరిచిన ఆగయ్యే క్లబ్బు ఇచ్చిన కొత్త బ్యాటు తెచ్చి ఇచ్చాడు. కట్టు కట్టిన వేలు అడ్డం వచ్చి అతని సైగలన్నీ వంకరగా ఉండేవి. పిల్లలు ఆ వంకరతో సహా నేర్చుకున్నారు.

షరతులు రెండే. నాలుగింటి దాకా గొంతు లేవకూడదు. ఎవరి గొంతు లేస్తే వాళ్ళు ఆ సాయంత్రం రాత్రిపాళీ వాళ్ళందరినీ తమ అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ పొయ్యాలి. చిన్నా పెద్దా తేడా లేదు.

ఆ చాయ్‌ల తోనే సగం శాంతి వచ్చింది. ఇవాళ ఈ అరుగు, రేపు ఆ అరుగు. పేరు తెలియనివాళ్ళకు పేర్లు తెలిశాయి. ఒక్క దశరథం అరుగు మాత్రం మిగిలింది. ఆయన అంత పట్టుదల మనిషి. దగ్గు వస్తే తువ్వాల నోట్లో కుక్కుకునేవాడు. తుమ్ము వస్తే వంటింట్లోకి పరుగు. కానీ ఒకరోజు పిల్లలు పోగు అతికించే సైగ తప్పుగా చేస్తుంటే ఉండబట్టలేక అరుగు దిగి, వాళ్ళ వేళ్ళు పట్టుకుని దిద్దాడు. ఆయనా ఒకప్పుడు సాంచా మనిషే. వినోద్ చూసి నవ్వాడు. ఆయన ముఖం గంటు పెట్టుకుని మళ్ళీ అరుగెక్కాడు.

మేడం క్లబ్బువాళ్ళను తీసుకుని చూడటానికి వచ్చింది. గల్లీ నిండా పిల్లలు. బ్యాటు తగిలిన టక్ అనే చప్పుడు తప్ప ఏమీ లేదు. సిక్సరు పడితే అందరూ సేఠ్ పొట్టలు చూపించుకుంటూ ఎగురుతున్నారు. మేడం మురిసిపోయి చప్పట్లు కొట్టింది. గల్లీ మొత్తం వేలు పెదవి మీద పెట్టింది. ఆ సాయంత్రం నా మెస్సు ముందు అందరికీ చాయ్ పోసింది మేడమే.

ఇక అందరికీ నిద్ర దొరికింది, ఒక్కడికి తప్ప.

"ఇంత నిశ్శబ్దంల నిద్ర ఎందుకు పడతలేదు కనకవ్వా?" అన్నాడు వినోద్. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మంచం మీద అటు దొర్లుతున్న, ఇటు దొర్లుతున్న. కిటికీల నుంచి చూస్తే అరుగు మీద..."

"అరుగు మీద ఏముందిరా?"

"ఏం లేదు. ఎక్కాలు."

"పదమూడో ఎక్కమా?"

"నీకు అక్షరాలు ఎందుకొచ్చినయో ఏమో, ముదిరిపోయినవు."

అవతల జమున తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చిందే ఊడ్చేది. ఏడు కొట్టేలోగా నా మెస్సుకు నాలుగుసార్లు వచ్చి, ఉప్పుందా అవ్వా, పసుపుందా అవ్వా అని అడిగేది. అతను రాగానే మాత్రం "నీ నెత్తిల దూది" అని మొదలుపెట్టేది. దూది లేకపోయినా సరే. చెప్పాల్సిన మాట ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.

ఏప్రిల్‌లో కరోనా మళ్ళీ విరుచుకుపడింది. రాత్రి కర్ఫ్యూ, రాత్రిపాళీ బందు. ఒక తెల్లవారుజామున వినోద్‌కు ఊరి నుంచి ఫోన్ వచ్చింది, తల్లికి జబ్బు అని. ఉన్నపళంగా సంచి సర్దుకుని మొదటి ఆటోకు పోయాడు. పోతూ జమున గుమ్మం ముందు ఆగాడు. తలుపు వేసి ఉంది. నేను చూస్తూనే ఉన్నాను. కొట్టడానికి చెయ్యి ఎత్తాడు. కొట్టలేదు. నా వైపు తిరిగి, "పండుకున్నది కదా అవ్వా, నిద్ర చెడగొట్టద్దు," అని పోయాడు.

నిద్రంటే అంత గౌరవం వాడికి. వేరే మగవాడైతే తలుపు విరగ్గొట్టేవాడు.

జమునకు చెప్తే భగ్గుమంది. "గల్లీ నిద్రంతా కాపాడి, చివరికి నా నిద్ర కూడా కాపాడిండా? ఎవరు అడిగిండ్రు? నేను పండుకున్నానని ఎవరు చెప్పిండ్రు? తలుపెనక చీపురు పట్టుకుని నిలబడ్డ!"

"తెరవకపోయినవా మరి?"

"కొడతడని చూస్తున్న!"

వాడు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాకు చేసేవాడు. "అవ్వా, ఒక్కసారి ఇయ్యి." నేను ఫోన్ పట్టుకుని పోతే ఆ పిల్ల రెండు పిడికిళ్ళు కలిపి ఎడంగా లాగేది. పోగు తెగింది. అది ఫోన్‌లో ఎట్లా చెప్పను?

తల్లి బాగుపడింది. కానీ కర్ఫ్యూ ఎత్తలేదు, కార్ఖానా పిలవలేదు. జమున వాకిలి ఊడ్వడం మానేసింది. పిల్లలు ఎక్కాలు తప్పు చెప్పినా దిద్దేది కాదు. దశరథం తువ్వాల చేతిలో పట్టుకుని కూతురినే చూస్తూ కూర్చునేవాడు. తల్లి లేని పిల్ల. ఏమైందని ఎట్లా అడగాలో తెలియక, "పంఖా వెయ్యనా బిడ్డా?" అని అడిగేవాడు.

వానలు మొదలయ్యాయి. రాత్రిపాళీలు మళ్ళీ నడిచాయి. బడులు మాత్రం ఇంకా మూతే.

ఒక మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతోంది. ఎదుటి వరుసంతా గాఢనిద్ర. పిల్లలు తడుస్తూ చప్పుడు లేకుండా ఆడుతున్నారు. జమున అరుగు మీద, పక్కన దశరథం. గల్లీ మొదట్లో ఒక ఆటో ఆగింది. భుజాన సంచితో వినోద్ దిగాడు.

జమున చూసింది. చూసి ముఖం తిప్పుకుంది.

అతను గల్లీ మధ్యకు వచ్చి ఆగిపోయాడు. పిలవాలి, పిలిస్తే నిద్రలు చెడతాయి. దగ్గరికి పోవాలి, అరుగు ఎక్కితే కాళ్ళు విరుగుతాయి. వానలో నిలబడి అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు వేశాడు. ఆఖరికి సంచి కింద పెట్టి చేతులు ఎత్తాడు.

జమున తల తిప్పకుండా కంటి చివరతో చూస్తూ, రెండు పిడికిళ్ళు కలిపి ఎడంగా లాగింది.

అతను బొటనవేలు చూపుడువేలు కలిపి నలిపాడు. అతికిస్తా.

ఆమె మళ్ళీ లాగింది, ఈసారి ఇంకా కోపంగా.

అతను మళ్ళీ నలిపాడు. తర్వాత ఆమెను చూపించాడు. తన గుండె చూపించుకున్నాడు. చెయ్యి మెడ దగ్గరికి తీసుకుపోయి ఒక ముడి, రెండో ముడి, మూడో ముడి. తడిసిన కనుబొమ్మలు పైకెత్తి, ఏమంటావు అన్నట్టు నిలబడ్డాడు.

పిచ్చివాడు, ఒక్క సంగతి మరిచిపోయాడు. నోటితో అంటే నిద్రలు చెడతాయని చేతులతో అన్నాడు గానీ, ఇక్కడ ఆ భాష గల్లీ అంతటికీ నేర్పింది వాళ్ళే. బౌలింగ్ ఆగిపోయింది. పిల్లలంతా వినోద్‌ను చూసి, జమునను చూసి, ఒక్కసారిగా తమ మెడల దగ్గర మూడు ముళ్ళు వేసుకోవడం మొదలుపెట్టారు. గుమ్మాల్లో తల్లులు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"పిచ్చోడా! గల్లీ మొత్తం చూస్తోంది!" అని అరిచింది జమున, గొంతు ఉన్నంతా పెట్టి.

"ఏయ్! ఏందిర అది!" అని అంతకన్నా గట్టిగా అరిచాడు దశరథం.

ధన్ ధన్‌మని ఎదుటి తలుపులన్నీ తెరుచుకున్నాయి. లుంగీలతో, పిచ్చుకగూడు జుట్లతో అందరూ బయటికి వచ్చారు. ఆగయ్య కళ్ళు నులుముకుంటూ ముందు దశరథాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. బొటనవేలు మెల్లగా పెదవి దగ్గరికి ఎత్తాడు.

దశరథం తువ్వాల చేతిలోంచి జారి పడింది.

సాయంత్రం ఆ అరుగు మీద చోటు చాలలేదు. తప్పు చేసింది తండ్రీ కూతుళ్ళిద్దరూ కాబట్టి ఇద్దరూ పోయాలి. జమున పళ్ళెం నిండా గ్లాసులు పట్టుకుని తలవంచుకుని వచ్చింది. తండ్రి వెనకే కెటిల్‌తో వచ్చాడు. వినోద్ మధ్యలో బిగుసుకుని కూర్చున్నాడు. అతని జుట్టు దువ్వింది నేనే.

ఆగయ్య గ్లాసు అందుకుంటూ అన్నాడు. "పిల్ల చాయ్ తెచ్చింది. పక్కన తండ్రి ఉన్నడు. ఎదురుంగ పిల్లగాడు ఉన్నడు. కాకా, దీన్నేమంటరో తెల్సా?"

"తెల్సు. నువ్వు చాయ్ తాగు," అన్నాడు దశరథం. వినోద్ గ్లాసులో పోస్తూ ఆగాడు. "అరుగైతే ఎక్కినవు. నీకు పిల్లనిస్తే ఏం లాభం? ఇది లేచేటాళ్ళకు నువ్వు పండుకుంటవ్. పొద్దున ఏడింటికి ఒకరికొకరు దండం పెట్టుకునుడేనా సంసారం?"

"పగటిపాళీ అడిగిన కాకా. సేఠ్ ఇచ్చిండు. సంసారానికి గది గూడ వడోద్ దిక్కు చూస్త."

"నన్ను అడగకుండనే?" అంది జమున.

"అడుగుదామనే మీ తలుపు దాకా వచ్చిన ఆనాడు."

"కొట్టాలె మరి!"

"రేపటి నుంచి కొడ్త. రోజూ కొడ్త. నిద్ర పోనియ్య నిన్ను."

అరుగంతా గొల్లున నవ్వింది. అన్నాక గానీ తానేమన్నాడో వాడికి తెలియలేదు, చెవులు కాలిపోయినట్టు ఎర్రబడ్డాయి. జమున పళ్ళెం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

దశరథం కెటిల్ కింద పెట్టాడు. కూతురిని చూశాడు. పళ్ళెం వెనక నుంచి రెండు వేళ్ళు బయటికి వచ్చాయి. బొటనవేలు, చూపుడువేలు. అవి కలిసి మెల్లగా నలుపుకుంటున్నాయి.

ఆయన పిడికిలి ఎత్తి గుండ్రంగా తిప్పాడు. సాంచా చాలూ చెయ్యి, నడిపించు.

నాలుగు దాటి చాలాసేపయింది కదా, పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. పైన రేకులు అదిరాయి.

పెళ్ళికి మైకు లేదు. విజయరాణి మేడం పట్టుబట్టి తెల్ల బెలూన్లు మాత్రం కట్టింది. ఇప్పుడు క్లబ్బువాళ్ళు ఏ గల్లీలో తగాదా విన్నా వీళ్ళిద్దరినే పిలుస్తారు. మొన్న సలాబత్‌పురాలో ఒక చోటికి పోయారు. ముందు పోయి కూర్చుంటారు, వింటారు. ఎవరు ఎప్పుడు పడుకుంటారో అడుగుతారు. ఆ తర్వాతే ఏదైనా.

ఇట్లు,
కనకవ్వ. వయసు అరవై రెండు. ఇప్పుడుండేది సూరత్‌లోనే, వడోద్‌లో, వినోద్ జమునల గదికి ఆనుకున్న గదిలో. మధ్య గోడ పలచన. షరతు ఇంకా నడుస్తోంది. కాబట్టి నాకు చాయ్‌కి లోటు లేదు.